ప్రూఫ్ చేతిలో ఉండగానే చెప్పండి

(తెలుగు భాషా దినోత్సవం నాడు ఒక గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, పని ఆపుకుని వచ్చిన డీటీపీ ఆపరేటర్లకు, ఫ్లెక్సీ షాపుల తమ్ముళ్లకు, తెలుగు టీచర్లకు నమస్కారం. శాలువాలు అయిపోయాయి కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

ఇవాళ వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తిగారి పుట్టినరోజు. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టారు. ఏటా ఈ రోజున తెలుగు రాసేవాళ్లు తగ్గిపోతున్నారని బాధపడుతుంటాం. ఇంకా రాస్తున్నవాళ్లతో మనం ఎలా ఉంటున్నామో ఈ పూట మాట్లాడుకుందాం.

వీధి మలుపులో ఒక ఫ్లెక్సీ కడతారు. అందులో 'ముఖ్య అతిధి' అని ఉంటుంది. చదువుకున్న ఒకాయన దాన్ని ఫొటో తీసి, తప్పు చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, 'తెలుగుకు పట్టిన తెగులు' అని రాసి పది గ్రూపుల్లో పెడతాడు. అందరూ నవ్వుతారు. ఆ ఫ్లెక్సీ మీద అక్షరం మారిందా? లేదు. షాపులో కూర్చుని ఆ అక్షరాలు కొట్టిన కుర్రాడికి 'అతిథి' అని రాయాలని తెలిసిందా? అదీ లేదు. తెలుగులో రాస్తే నవ్వుతారన్న సంగతి మాత్రం తెలిసింది. తరవాతి ఫ్లెక్సీలో అదే మాటను ఇంగ్లీషులో పెట్టేస్తాడు. ఇక ఎవరూ తప్పు పట్టరు. అలా తెలుగులో రాసే ఒక చెయ్యిని మనమే ఆపేశాం. ఈ మాట మీకు కటువుగా వినిపించినా సరే, నేను చెప్పకుండా ఉండలేను.

అసలు ఆ తప్పు ఎందుకొస్తుందో చూడండి. తెలుగువాళ్లలో చాలామందిమి థ, ధ రెంటినీ ఒకేలా పలుకుతాం. 'కథ' అన్నా 'కధ' అన్నా నోటికి ఒకటే. చెవికి తేడా లేనప్పుడు చేతికి ఎక్కడినుంచి వస్తుంది? ఇక కంటికి ఉన్న తేడా ఒక్క చుక్క. లోపల చుక్క ఉంటే థ, చుక్క లేకపోతే ధ. చిన్న అక్షరాల అచ్చులో ఆ చుక్క సిరాలో కలిసిపోతుంది. ఇది చదువురానితనం కాదు. మన నోటి తీరుకీ, సంస్కృతం నుంచి తెచ్చుకున్న రాతకీ మధ్య ఉన్న ఎడం.

అందుకే ఫోనులో దిద్దబోతే కుదరదు. 'అన్నా, అది ధ కాదు, థ' అంటే అవతలివాడికి రెండూ ఒకటిగానే వినిపిస్తాయి. 'కథలో థ' అన్నా లాభం లేదు, అతను కథను కూడా 'కధ' అనే రాస్తాడు. 'లోపల చుక్క ఉన్నది పెట్టు' అని చెప్పాలి. ఇంకా మంచిది, మాట మొత్తం సరిగ్గా టైపు చేసి మెసేజ్ పెట్టడం. అక్షరం మాత్రమే పంపకండి, పూర్తి మాట పంపండి. అతను దాన్నే చూసుకుని కొడతాడు.

ఇంకొకరిని దిద్దేముందు మన సంగతి కూడా చూసుకోవాలి. 'విద్యార్థి'లో థ అని కొత్తగా తెలుసుకున్నవాళ్లు ఆ ఉత్సాహంలో 'వర్ధంతి'ని 'వర్థంతి' చేస్తారు, 'అర్ధరాత్రి'ని 'అర్థరాత్రి' చేస్తారు. ఒప్పును తప్పుగా దిద్దేస్తారు. మాటల్ని కుటుంబాలుగా గుర్తు పెట్టుకోండి. కోరడం, ప్రయోజనం, భావం అనే అర్థాలున్నవి చుక్క కుటుంబం: విద్యార్థి, అభ్యర్థి, ప్రార్థన, స్వార్థం. సగం అనే అర్థమున్నవి చుక్క లేనివి: అర్ధరాత్రి, అర్ధాంగి, అర్ధచంద్రుడు. వృద్ధికి చుట్టాలైనవీ చుక్క లేనివే: వర్ధంతి, వర్ధిల్లడం, వర్ధమానం. 'హార్దిక శుభాకాంక్షలు' వీటిలో దేనిలోనూ చేరదు, దానికి మామూలు ద. అనుమానముంటే శబ్దరత్నాకరం నిఘంటువు తీయండి, 1885 నుంచీ ఉంది. ఇంతమంది చదువుకున్నవాళ్లున్న ఊళ్లో తప్పు దిద్దేముందు నిఘంటువు తీసేవాళ్లు ఎంతమంది? నన్ను నేను కూడా అడుగుతున్నాను.

ఒక్కోసారి మనిషి తప్పే ఉండదు. 'సాఫ్ట్‌వేర్' అని కొడితే ట కిందికి వ వత్తు వచ్చి 'సాఫ్ట్వేర్' అని అతుక్కుపోతుంది. ఆ రెండక్షరాల నడుమ కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు పడాలి. కొన్ని కీబోర్డుల్లో ఆ మీట ఎక్కడుందో కూడా తెలియదు. అచ్చుపనికి వాడే పాత 'అను' ఫాంట్ల నుంచి, ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదవగలిగే యూనికోడ్‌కి మార్చినప్పుడు వత్తులు చెదిరిపోవడం ఇక్కడున్న ఆపరేటర్లందరికీ తెలిసిందే. అలాంటి చోట 'మీకు తెలుగు రాదా' అంటే అన్యాయం.

ఇప్పుడు ఎప్పుడు చెప్పాలన్న దగ్గరికి వద్దాం. దీనికి పెళ్లికార్డును మించిన ఉదాహరణ లేదు.

కార్డు ప్రూఫ్, అంటే అచ్చుకు ముందు సరిచూసుకోమని ఇచ్చే ప్రతి, వచ్చిన రోజు ఎంత చిన్న తప్పయినా చెప్పొచ్చు, చెప్పాలి కూడా. 'సుముహూర్తం'లో హు కాదు, హూ. 'జ్యేష్ఠ పుత్రుడు'లో య వత్తు మరిచిపోతారు. 'చి.ల.సౌ.'లో చి బదులు ఛి పడిందంటే పెళ్లికూతురిని ఛీ అన్నట్టే. 'ఆశీస్సులు'లో శీకి దీర్ఘం. ఇవన్నీ ఒకేసారి, ఒకే కాగితం మీద ఇవ్వండి. తప్పు మాటను కొట్టేయకుండా చుట్టూ సున్నా చుట్టి, పక్క ఖాళీలో సరైన మాట పూర్తిగా రాయండి. గంటకోసారి ఫోను చేసి ఒక్కో తప్పు చెబితే ఆపరేటరు ఒకటి దిద్దుతూ రెండు మరిచిపోతాడు. దిద్దాక వచ్చిన రెండో ప్రూఫ్‌ని మళ్లీ మొదటి అక్షరం నుంచి చదవాలి. ఒక మాట పొడవు మారితే లైను విరిగి, నిన్న బాగున్న మాట ఇవాళ రెండు ముక్కలవుతుంది.

పేర్ల దగ్గర మాత్రం మన వ్యాకరణం పక్కన పెట్టాలి. 'లక్ష్మి'నా, 'లక్ష్మీ'నా, 'వెంకటేశ్వర్లు'నా, 'వెంకటేశ్వరులు'నా అన్నది ఆ పేరుగలవాళ్ల ఇష్టం. దిద్దకండి, అడగండి.

కార్డులు అచ్చయి వచ్చాక, పసుపు పూసి మొదటి కార్డు దేవుడి దగ్గర పెట్టాక 'ఆశిస్సులు' అని కనిపించిందనుకోండి. ఊరుకోండి. ఆ ఇంట్లో ఎవరికీ చెప్పకండి. ఇప్పుడు దాన్ని ఎవరూ మార్చలేరు, ఒక తల్లికి మాత్రం మనసులో ముల్లు మిగులుతుంది.

కానీ ఒక తప్పు ఉంది. కార్డులు పంచేశాక కూడా, రాత్రి పది దాటినా ఫోను చేసి చెప్పాల్సిన తప్పు. ముహూర్తం రోజు. దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలబడతాను, ఓపిక పట్టండి.

పంచాంగం లెక్కలో వారం సూర్యోదయంతో మొదలవుతుంది. ఫోను లెక్కలో రాత్రి 12 గంటలకే మారిపోతుంది. 14వ తేదీ శుక్రవారం అనుకోండి, ముహూర్తం ఆ రాత్రి 2.40కి పడింది. పురోహితుడు 'శుక్రవారం రాత్రి 2.40' అని రాసిస్తారు, ఆయన లెక్కలో అది సరైనదే. కార్డు మీద '14వ తేదీ శుక్రవారం రాత్రి 2.40' అని మాత్రమే వేస్తే, బెంగళూరులో ఉన్న మేనల్లుడు ఫోనులో చూసి 14వ తేదీ 2.40 అంటే గురువారం నిద్రపోకుండా ఉండాలి కాబోలనుకుని ఒక రోజు ముందే దిగుతాడు. పోనీ అని '15వ తేదీ శనివారం 2.40' అని వేస్తే, పల్లెలో ఉన్న పెద్దనాన్న శనివారం రాత్రికి బయల్దేరతాడు. ఆయన వచ్చేసరికి పందిరి విప్పుతుంటారు. రెండు లెక్కలూ సరైనవే, మనుషులు మాత్రం రెండు వేర్వేరు రోజుల్లో వస్తారు.

పాతకాలం కార్డుల్లో దీనికి చక్కని మాట ఉంది: 'శుక్రవారం రాత్రి తెల్లవారితే శనివారం'. ఈ 'తెల్లవారితే'ని డిజైను కోసం, చోటు కోసం తీసేస్తున్నారు. దయచేసి తీయకండి. దాని కింద 'భోజనాలు శుక్రవారం రాత్రి 7 గంటల నుంచి' అని ఇంకో వాక్యం కూడా వేస్తే ఎవరికీ అనుమానం మిగలదు. ఆపరేటరు తమ్ముళ్లూ, ముహూర్తం రాత్రి 12కీ సూర్యోదయానికీ నడుమ ఉంటే పార్టీ అడగకపోయినా మీరే అడగండి. మీరు చేసే పనిలో ఇంతకన్నా విలువైన ప్రశ్న లేదు.

ఆ తప్పు కార్డులో కనిపిస్తే ఎవరికి చెప్పాలి? పదిమంది కూర్చున్న వరండాలో చెప్పకూడదు. కుటుంబ గ్రూపులో అసలే వద్దు. పిలిచినవాళ్లకే ఫోను చేయాలి. 'బాబాయ్, కార్డు అందింది, చాలా సంతోషం. టికెట్లు తీసుకుందామనుకుంటున్నాం. ముహూర్తం శుక్రవారం రాత్రేనా, గురువారం రాత్రా?' అని అడగండి. చాలామందికి అక్కడే వెలుగుతుంది. 'అయ్యో, శుక్రవారం రాత్రే' అని ఆయన సర్దుకుంటే మర్యాద కూడా నిలిచింది. ఆయన 'కార్డులో ఉంది కదమ్మా' అని వదిలేస్తే మాత్రం మీరు వదలొద్దు. 'కార్డు చూస్తే కొందరు గురువారమే వచ్చేస్తారేమో బాబాయ్, దూరం నుంచి వచ్చేవాళ్లకు ఒక మెసేజ్ పెట్టేద్దాం, రాసి మీకు పంపనా?' అనండి. తప్పు చూపించిన చేత్తోనే సాయం కూడా చేయాలి. మర్యాద పేరుతో మాట మింగేస్తే ఎవరి పెళ్లో ఖాళీగా జరుగుతుంది.

మూడు సంగతులు చెబుదామనుకున్నాను, కార్డే సగం సమయం తీసుకుంది. మిగతావి త్వరగా చెబుతాను.

మాట్లాడే తెలుగును దిద్దకండి. 'వచ్చాడు', 'వచ్చిండు', 'వచ్చినాడు' మూడూ ఒప్పులే. సొరకాయ అన్నా ఆనపకాయ అన్నా కూర అదే. ఇంకో పదకొండు రోజుల్లో, సెప్టెంబరు 9న, కాళోజీ నారాయణరావుగారి పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం. హైదరాబాదు ఆఫీసుల్లో, హాస్టళ్లలో ఒకరి యాసను ఇంకొకరు 'సరిచేయడం' ఈ రెండు పండగలకూ అవమానం. యాస తప్పు కాదు కాబట్టి దాన్ని ఎంత మర్యాదగా దిద్దినా అది మర్యాద కాదు.

అమెరికాలో పెరిగే పిల్ల 'అమ్మమ్మ వచ్చాడు' అంటుంది. ఇది నిజంగా తప్పే. కానీ చుట్టాలంతా పకపకా నవ్వితే ఆ పిల్ల ఇక ఇంగ్లీషులోనే చెబుతుంది. 'అవునమ్మా, అమ్మమ్మ వచ్చింది! ఏం తెచ్చింది?' అనండి. సరైన మాట ఆ పిల్ల చెవిన పడింది, కబురు సాగింది. 'తెచ్చింది' అనే మాటతో జవాబు కూడా ఆ పిల్ల నోట్లోంచే వస్తుంది.

'గిడుగువారు తప్పుల్ని నలుగురిలోనే ఎత్తిచూపారు కదా' అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రాతల్లోంచే వ్యాకరణ దోషాలు ఏరి అచ్చువేశారు. వాళ్లు ఆ నియమాన్ని బడి పిల్లలందరి నెత్తినా పెట్టబోయారు. తామే నిలుపుకోలేని నియమం అది అని చూపడం ఆ వాదానికి ప్రాణం. అదే మనిషి సవర గిరిజనుల పిల్లల చదువు కోసం తానే సవర భాష నేర్చుకుని వాచకాలు రాశారు. బలమున్నవాళ్లను ప్రశ్నించారు, బలం లేనివాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. పాఠ్యపుస్తకంలో, ప్రభుత్వ బోర్డు మీద తప్పుంటే మీరూ బాహాటంగా రాయండి. పేజీ, వరుస, ఉన్న మాట, ఉండాల్సిన మాట, నిఘంటువు ఆధారం జోడించి పంపండి. ఆ ఎర్ర సున్నాను మాత్రం షాపు కుర్రాడి మీద వేయకండి.

చివరగా, చావు ఇంటి ముందు కట్టిన ఫ్లెక్సీ. 'శ్రద్దాంజలి' అని ఉంటుంది. 'శ్రద్ధాంజలి' అని ఉండాలి, ద కింద ధ వత్తు. ఆ ఇంటివాళ్లకు చెప్పకండి, ఆ రోజూ వద్దు, పదో రోజూ వద్దు. పెద్దకర్మ అయ్యాక ఫ్లెక్సీ షాపుకి వెళ్లండి. అతని కంప్యూటర్‌లో ఆ ఫైలు ఉంటుంది. ఫొటో, పేరు, తేదీలు మార్చి అదే ఫైలును ఊరందరికీ వాడతాడు. తప్పు ఉన్నది అక్కడ. ఒక్క వత్తు మారిస్తే ఇక ముందు వచ్చే ప్రతి ఇంటికీ సరైన మాటే వెళుతుంది. రద్దీ లేని వేళ, మధ్యాహ్నం పూట వెళ్లండి, గిరాకీ ముందు చెప్పకండి.

తమ్ముళ్లూ, మీలో కొందరు లాప్‌టాప్‌లు తెచ్చారని విన్నాను. పుట్టినరోజు, పెళ్లి, గృహప్రవేశం, శ్రద్ధాంజలి, ఈ నాలుగు ఫైళ్లు తెరిచి ఆ కిటికీ పక్క బల్ల దగ్గరికి రండి. నిఘంటువు అక్కడే ఉంది. టీ వచ్చేలోపు నాలుగూ కలిసి చదువుదాం.