జింజ్ ఏం తినేవాడు? ఒక పుర్రె మీద 60 ఏళ్ల విచారణ

[స్క్రీన్ మీద: పుర్రె ముందు వైపు. మెల్లగా పక్కకు తిరుగుతుంది]

ఇది జింజ్ పుర్రె. లక్షల ఏళ్ల కిందట అంతరించిపోయిన, మనిషికి బంధువైన ఒక జీవిది. కాస్త తీరిగ్గా చూడండి. నుదురు దాదాపు లేదు. చెంప ఎముకలు పక్కలకు తోసుకొచ్చాయి. నడినెత్తిన, ముందు నుంచి వెనక్కి, ఒక ఎముక గట్టు ఉంది.

ఆ గట్టు ఎందుకో మీ తలతోనే తెలుసుకోవచ్చు. కణత మీద వేలు పెట్టి పళ్లు గట్టిగా బిగించండి. లోపల ఒక కండరం ఉబ్బుతుంది చూశారా? దవడను పైకి లాగేది అదే. మనకది చెవి పైన కొంత దూరం వెళ్లి ఆగిపోతుంది. ఈ జీవికి మాత్రం నడినెత్తి దాకా పాకేది. పట్టుకోవడానికి చోటు చాలక అక్కడ ఎముకే గట్టులా పెరిగింది.

[స్క్రీన్ మీద: ఓల్డువై లోయ, తూర్పు ఆఫ్రికా మ్యాప్]

1959 జూలై 17. ఇప్పటి టాంజానియాలోని ఓల్డువై లోయ. ఆదిమానవుల శిలాజాలు వెతుకుతున్న లూయీ లీకీకి ఒంట్లో బాగోక క్యాంపులోనే పడుకున్నారు. భార్య మేరీ లీకీ కుక్కల్ని వెంటబెట్టుకుని బయల్దేరారు. మట్టిలోంచి తొంగిచూస్తున్న ఎముక, రెండు పెద్ద పళ్లు ఆమె కంటపడ్డాయి. ముక్కలన్నీ ఏరి అతికిస్తే వచ్చిందే ఈ పుర్రె. అగ్నిపర్వత బూడిద పొరల ఆధారంగా దాని వయసు సుమారు 17.5 లక్షల ఏళ్లని తేలింది. తవ్వకాలకు డబ్బిచ్చిన చార్లెస్ బోయిస్ పేరు కలిపి జింజాంత్రోపస్ బోయిసీ అన్నారు. ఇప్పుడు శాస్త్రవేత్తలు వాడే పేరు పరాంత్రోపస్ బోయిసీ. ముద్దుపేరు జింజ్.

మెదడు సుమారు 500 ఘన సెంటీమీటర్లు. మనలో మూడో వంతుకు కాస్త ఎక్కువ. దవడపళ్లు మాత్రం మన వాటికి నాలుగింతల దాకా ఉంటాయి, మీద మందపాటి ఎనామిల్ (పంటి గట్టి పైపొర). ఇంత సరంజామా చూసి ఎవరైనా ఏమనుకుంటారు? గట్టి గింజలు, పెంకు కాయలు పటపటా కొరికేవాడనే కదా! నట్‌క్రాకర్ మ్యాన్ అని పేరు పెట్టేశారు. ఆ ముద్ర దాదాపు 50 ఏళ్లు చెక్కుచెదరలేదు.

[స్క్రీన్ మీద: మైక్రోస్కోప్ కింద పంటి ఉపరితలం]

2008లో పరిశోధకుడు పీటర్ ఉంగర్ బృందం ఏడు బోయిసీ శిలాజాల పళ్లను మైక్రోస్కోప్ కింద పెట్టి చూసింది. గట్టి గింజ కొరికితే పంటి మీద గుంటలు పడతాయి. ఇక్కడ గుంటలు పెద్దగా లేవు. ఉన్నవి సన్నటి గీతలే. అయితే ఇలాంటి గీతలు చనిపోవడానికి ముందు కొద్ది రోజుల తిండినే చెబుతాయి. కరువు కాలంలో గింజలు కొరికి ఉండొచ్చుగా? ఆ వాదన న్యాయమైనదే.

అందుకే 2011 నాటి ఫలితం నాకు ఎక్కువ బలంగా అనిపిస్తుంది. పన్ను తయారవుతున్నప్పుడు తిన్న తిండిలోని కార్బన్ ఎనామిల్‌లో కలిసిపోతుంది. ఉష్ణమండలపు గడ్డి, తుంగ జాతి మొక్కల్లో కార్బన్-13 (కాస్త బరువైన కార్బన్ రకం) పాలు ఎక్కువ. చెట్ల ఆకులు, పండ్లు, కాయల్లో తక్కువ. లక్షల ఏళ్లు గడిచినా ఎనామిల్‌లో ఆ లెక్క చెరగదు. థూర్ సెర్లింగ్ బృందం కెన్యాలో దొరికిన 22 మంది బోయిసీల పళ్లు పరీక్షిస్తే, తిండిలో సగటున 77 శాతం గడ్డి, తుంగ జాతులదేనని వచ్చింది. కాయలు కొరికేవాడన్న జింజ్, నిజానికి గంటల తరబడి పీచు నమిలేవాడన్నమాట! అంత దవడ అందుకే కావాలి. ఒక్క దెబ్బకు పగలగొట్టే బలం కన్నా, అలుపు లేకుండా నూరే బలం.

పుర్రె ఆకారం అతను ఏం చేయగలడో చెప్పింది. ఏం చేశాడో చెప్పడానికి పంటి రసాయనం కావలసి వచ్చింది.

[స్క్రీన్ మీద: రాతి పనిముట్లు]

తిండి సంగతి ఇలా తేలింది. పనిముట్ల గొడవ వేరే.

జింజ్ దొరికిన చోటే రాతి పనిముట్లూ ఉన్నాయి. చేసింది ఇతనేనని లూయీ లీకీ మొదట ప్రకటించారు. తర్వాత అదే ఓల్డువైలో కాస్త పెద్ద మెదడున్న మరో జాతి ఎముకలు బయటపడ్డాయి. 1964లో దానికి హోమో హాబిలిస్ అని పేరు పెట్టి, పనిముట్ల ఖ్యాతి కూడా దానికే కట్టబెట్టారు. మెదడు చిన్నదని జింజ్‌ను పక్కన పెట్టడం కొంచెం తొందరపాటే అనిపిస్తుంది. అతని చేతి ఎముకలు చూడకుండా చేతిపని గురించి తీర్పు చెప్పారు మరి.

ఆ చెయ్యి 2025లో లోకానికి తెలిసింది. కెన్యాలో తుర్కానా సరస్సు తూర్పున కూబీ ఫోరాలో, సుమారు 15 లక్షల ఏళ్ల నాటి బోయిసీ ఎముకలు దొరికాయి. పుర్రె, పళ్లు కూడా ఉన్నాయి కాబట్టి ఎవరివన్న సందేహం లేదు. వేళ్ల పొడవుతో పోలిస్తే బొటనవేలు మన దామాషాలోనే ఉంది. రాయిని పట్టి తిప్పడానికి పనికొస్తుంది. వేళ్ల ఎముకలు మాత్రం గొరిల్లాకున్నంత దిట్టం. గడ్డి దుబ్బులు పీకి, నారలు వలిచి తినేవాడికి అలాంటి పట్టు ఉండాల్సిందే.

ఇంకో సాక్ష్యం కెన్యాలోనే, న్యాయాంగాలో ఉంది. కనీసం 26 లక్షల ఏళ్ల నాటి రాతి పనిముట్లతో పాటు జింజ్ చేరిన పరాంత్రోపస్ వర్గానికి చెందిన పళ్లు దొరికాయని 2023లో ప్రకటించారు. అక్కడే నీటిగుర్రాల ఎముకల మీద కోసిన గాట్లు కూడా ఉన్నాయి. పన్ను పక్కన రాయి దొరికినంత మాత్రాన రాయి ఆ పంటివాడిదే కానక్కర్లేదు. లూయీ లీకీ తడబడింది అక్కడే. కాకపోతే ‘ఆ చేతులకు చేతకాదు’ అని కొట్టిపారేయడానికి ఇప్పుడు వీల్లేదు.