రన్‌వే వాలును లెక్కలోకి తీసుకోవడం ఎలా?

నమస్కారమండీ. కోనసీమలో పెరిగినవాళ్లకు వాలు కంటికి ఆనదు, అంతా బల్లపరుపే. కానీ ధవళేశ్వరంలో వదిలిన నీరు ఏ మోటారూ లేకుండా కాలువల వెంట సముద్రం వైపు పారుతోందంటే నేల వాలి ఉన్నట్టే కదా. రన్‌వే కూడా అంతే.

తెరమీద చూడండి. రెండు కొసల ఎత్తుల తేడాను పొడవుతో భాగించి, వందతో గుణించాలి. 2000 మీటర్ల రన్‌వేకు ఒక కొస 20 మీటర్లు ఎత్తుంటే వాలు 1 శాతం. ఇంతేనా అనకండి. మధురపూడి విమానాశ్రయంలో మీరు చూసే ఏటీఆర్ 72 నిండు బరువు సుమారు 23 టన్నులు. 1 శాతం ఎగువకు పరిగెడితే 230 కిలోల బరువు దాన్ని వెనక్కి లాగుతున్నట్టే. చిన్న విమానాలకు వాడే స్థూల లెక్క ప్రకారం 2 శాతం ఎగువకు టేకాఫ్ దూరం 10 శాతం పెరుగుతుంది. 600 మీటర్లు చాలనుకున్నచోట 660 కావాలి.

మరి పల్లానికి పరిగెడితే లాభమేగా? వేగం త్వరగానే వస్తుంది. కానీ మధ్యలో ఇంజిన్ చెడితే ఆగాలా, ఎగరాలా అని తేల్చే వేగం ఒకటుంది, దాన్ని వీ1 అంటారు. పల్లంలో ఆపడం కష్టం కనుక అది తగ్గుతుంది. పైగా గాలి సంగతి! మన తీరంలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి మళ్లిందనుకోండి. ఎగిరే వేగంలో పదో వంతు గాలి వెనుక నుంచి వీచినా చిన్న విమానానికి టేకాఫ్ దూరం 20 శాతం పెరుగుతుంది. 2 శాతం పల్లం ఇచ్చిన లాభం అందులోనే కరిగిపోతుంది.

దిగేటప్పుడు లెక్క తిరగబడుతుంది: ఎగువకు దిగితే త్వరగా ఆగుతాం, పల్లానికి దిగితే ఆలస్యంగా. అసలు చిక్కు కంటితో వస్తుంది. ఎదురుగా రన్‌వే ఎగువకు లేచి ఉంటే పైలట్‌కు తాను మరీ ఎత్తులో ఉన్నట్టు భ్రమ కలిగి, అవసరానికి మించి కిందికి వచ్చేస్తాడు. పల్లానికి వాలి ఉంటే తక్కువ ఎత్తులో ఉన్నాననుకుని పైపైనే వచ్చి, చాలా ముందుకు పోయి నేల తాకుతాడు. ఆపడం కష్టమైన వాలులోనే రన్‌వే తరిగిపోతుంది చూశారా, నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. అందుకే కంటిని కాకుండా పాపి దీపాలను నమ్మాలి; రన్‌వే పక్కన ఉండి, సరైన ఎత్తులో వస్తున్నామో లేదో ఎరుపు, తెలుపు రంగులతో చూపేవి అవి.

నేపాల్‌లోని లుక్లా రన్‌వే 527 మీటర్లే, వాలు దాదాపు 12 శాతం. అక్కడ ఎగువకే దిగుతారు, పల్లానికే ఎగురుతారు.

ఒక జాగ్రత్త. కొసలు రెండూ ఒకే ఎత్తులో ఉండి నడుమ గూనిలా లేచిన రన్‌వేలో మన లెక్కకు వాలు సున్నా అని వస్తుంది. చార్టులో నడుమ ఎత్తులు కూడా ఇచ్చి ఉంటే వాటినీ చూడండి.