24వ గడి: అమెరికా సైన్యం ఇచ్చే ‘టీసీ’ కథ

అమెరికా సైనికుల గురించి తెలుగులో వార్త వచ్చిన ప్రతిసారీ ఒకే మాట కనిపిస్తుంది: “సైన్యం నుంచి గెంటేశారు.” క్రమశిక్షణ తప్పాడని పంపేసినా అదే మాట, నేరం రుజువై జైలుకు పంపినా అదే మాట. ఇక విన్నవాళ్లలో ఒకరు “పోయింది ఉద్యోగమే కదా, ఇంకొకటి చూసుకుంటాడు” అంటారు. ఇంకొకరు “ఓటు హక్కు, పౌరసత్వం అన్నీ పోయినట్టే” అంటారు. రెండూ తప్పే. ఈ తప్పులు విని విని విసిగిపోయి ఈ వీడియో చేస్తున్నాను.

“టీసీ ఇచ్చి పంపేశారు” అనే మాట మనకు కొత్త కాదు. నిజానికి టీసీ బడి వదిలిన ప్రతి పిల్లవాడికీ ఇస్తారు, తరగతిలో మొదటివాడికి కూడా. పరువు నిలబెట్టేదీ తీసేదీ అందులో ‘ప్రవర్తన’ అని ఉండే ఆ ఒక్క గడి. అమెరికా సైన్యంలో క్రియాశీల సేవ ముగించినవాళ్లకు ఇచ్చే కాగితం కూడా అలాంటిదే. పేరు డీడీ 214. అందులో 24వ గడి ‘సేవా స్వభావం’. ఈ రోజు మాట్లాడుకోబోయేదంతా ఆ గడిలో రాసే రెండు మూడు మాటల గురించే.

[తెర మీద: ఖాళీ డీడీ 214 పత్రం, 24వ గడి చుట్టూ ఎర్ర గీత]

ముఖ్యంగా అయిదు రకాల రాతలున్నాయి. మొదటిది గౌరవప్రదం. రెండోది ‘జనరల్’, గౌరవప్రదమే కానీ ఒక మెట్టు తక్కువ. మూడోది ‘అదర్ దేన్ ఆనరబుల్’, అంటే గౌరవప్రదం కానిది. ఈ మూడూ పరిపాలనా నిర్ణయాలు, వీటికి కోర్టు అక్కర్లేదు. మిగతా రెండూ శిక్షలు. ఒకటి దుష్ప్రవర్తన డిశ్చార్జి, ఇంకొకటి డిజానరబుల్, అంటే అగౌరవ డిశ్చార్జి. ఈ చివరిదాన్ని సైనిక న్యాయస్థానాల్లో అన్నిటికంటే పెద్దదైన జనరల్ కోర్టు మార్షల్ మాత్రమే విధించగలదు. హత్య, అత్యాచారం, యుద్ధకాలంలో పారిపోవడం లాంటి పెద్ద నేరాల స్థాయి అది. కమిషన్డ్ అధికారులకైతే దాని స్థానంలో ‘డిస్మిసల్’ ఉంటుంది.

మన టీసీతోనే చెబుతాను. ప్రవర్తన గడిలో ‘ఫరవాలేదు’ అనో ‘బాగోలేదు’ అనో ప్రధానోపాధ్యాయుడు తన సంతకంతో రాసేయవచ్చు. అన్నిటికంటే హీనమైన ఆ ఒక్క మాట రాయాలంటే మాత్రం న్యాయమూర్తి, సాక్షులు, నిందితుడి తరఫు వకీలు ఉండాలి. సైనికుడికి ఇది చాలా పెద్ద రక్షణ. దాన్ని దాటవేస్తే ఏం జరుగుతుందో చెప్పే కథ ఒకటుంది. నన్ను ఈ విషయంలోకి లాగిందే ఆ కథ, అందుకే దాని దగ్గర కాసేపు ఆగుతాను.

1906 ఆగస్టు. టెక్సస్‌లో మెక్సికో సరిహద్దున బ్రౌన్స్‌విల్ అనే ఊరు. అక్కడి ఫోర్ట్ బ్రౌన్‌కు నల్లజాతి సైనికుల దళం, 25వ పదాతి దళంలోని ఒక బెటాలియన్, అప్పుడే వచ్చింది. వాళ్లు రావడం ఊరికి ఇష్టం లేదు. ఒక అర్ధరాత్రి వీధుల్లో కాల్పులు జరిగాయి. మద్యం దుకాణంలో పనిచేసే ఒక తెల్లవాడు చనిపోయాడు, ఒక పోలీసు అధికారి గాయపడ్డాడు. ఊరివాళ్లు సైనికులే కాల్చారన్నారు. ఆ సమయానికి తమ మనుషులు బ్యారక్‌లలోనే ఉన్నారని దళంలోని తెల్ల అధికారులే చెప్పారు. ఎవరు కాల్చారో సైనికుల్లో ఒక్కరు కూడా చెప్పలేదు. తెలియనివాళ్లు ఏం చెబుతారు? ఆ మౌనాన్నే కుట్ర అన్నారు. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 167 మందిని ‘గౌరవం లేకుండా’ పంపేయమని ఆదేశించాడు. విచారణ లేదు, కోర్టు మార్షల్ లేదు. ఇరవై ఏళ్లకు పైగా సేవ చేసి, పింఛను ముంగిట ఉన్నవాళ్లూ అందులో ఉన్నారు.

జాగ్రత్తగా గమనించండి. రాసింది ‘డిజానరబుల్’ అని కాదు, ‘వితౌట్ ఆనర్’ అని. డిజానరబుల్ అని రాయాలంటే కోర్టు మార్షల్‌లో నేరం రుజువు కావాలి. ఇది అసలు శిక్షే కాదు, ఉద్యోగం నుంచి తప్పించడమేనని ప్రభుత్వం వాదించింది. అంటే, ఆ హీనమైన మాట రాసే అధికారం లేని ప్రధానోపాధ్యాయుడు, దాని పక్కింటి మాట రాసి తరగతి మొత్తాన్నీ పంపేశాడు. సైన్యంలో మళ్లీ చేరకూడదు, ప్రభుత్వంలో పౌర ఉద్యోగం కూడా చేయకూడదు అన్న నిషేధాలను దానికి జోడించాడు. శిక్ష కానిది ఇన్ని తలుపులు ఎలా మూసింది? ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలదు.

ఆ 167 మందిలో డార్సీ విల్లిస్ అనే యువకుడు ఒకడు. ఆ తర్వాత ఆయన మినియాపొలిస్‌లో ఒక క్షౌరశాలలో నేల ఊడుస్తూ, వచ్చినవాళ్ల బూట్లు పాలిష్ చేస్తూ 59 ఏళ్లు గడిపాడు. ఆ పీటను, ఆ రంగు డబ్బాను, కాళ్ల దగ్గర వంగి కూర్చున్న మాజీ సైనికుణ్ణి ఒకసారి ఊహించుకోండి. “ఇంకో ఉద్యోగం చూసుకుంటాడు” అనేవాళ్లకు నేను చెప్పే జవాబు విల్లిస్ జీవితమే.

సరే, ఇప్పటి చట్టానికి వద్దాం. నేడు 24వ గడిలో ‘డిజానరబుల్’ అని పడితే ఏం పోతుంది?

మొదట మాజీ సైనికుడన్న పేరే పోతుంది. ఆ దేశంలో మాజీ సైనికుల సదుపాయాల చట్టం ‘వెటరన్’ అన్న మాటను నిర్వచించేటప్పుడే, డిజానరబుల్ కాని పరిస్థితుల్లో బయటికొచ్చిన వ్యక్తి అని రాసుకుంది. కాబట్టి మాజీ సైనికుల శాఖ ఆసుపత్రి, వైకల్య పరిహారం, ఇంటి రుణానికి హామీ, జాతీయ శ్మశానవాటికలో చోటు, అంత్యక్రియల్లో జెండా, అన్నీ చేజారతాయి. ఒక మినహాయింపు ఉంది. ఆ మనిషి అంతకుముందు ఒక సేవాకాలాన్ని గౌరవంగా పూర్తి చేసి ఉంటే, ఆ కాలానికి సంబంధించిన హక్కులు మిగలవచ్చు. నేరం చేసే నాటికి మతి స్థిమితం లేదని తేలినా తలుపు పూర్తిగా మూసుకోదు.

తర్వాత తుపాకీ. 1968 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం డిజానరబుల్ డిశ్చార్జి అయినవాళ్లు తుపాకీ కలిగి ఉండకూడదు. జీవితాంతం వెంటాడే నిషేధం ఇది. దుష్ప్రవర్తన డిశ్చార్జికి దానంతట అది ఈ నిషేధం రాదు. వార్త రాసేవాళ్లు రెండింటినీ కలిపేస్తే నాకు కోపం రావడానికి ఇదొక కారణం.

ఇక ఉద్యోగాలు. డీడీ 214కు పొట్టి ప్రతి, పొడుగు ప్రతి అని రెండుంటాయి. పొట్టి ప్రతిలో సేవా స్వభావం కనిపించదు. అదే ఇచ్చేస్తే సరిపోతుంది కదా అనుకోవచ్చు. ప్రవర్తన గడి కత్తిరించిన టీసీ తీసుకుని కొత్త బడికి వెళితే గుమాస్తా మొదట ఏమడుగుతాడు? ఆ గడి ఏదీ అనే కదా! యజమానులూ పొడుగు ప్రతే అడుగుతారు.

ఇంట్లోవాళ్ల సంగతి ఎవరూ మాట్లాడరు. సైనికుడి పింఛను, వైద్య సదుపాయం పోతే భార్యాపిల్లలకూ పోయినట్టే. ఆయన కొట్టాడని ఫిర్యాదు చేస్తే తమ తిండే పోతుందని నోరు మూసుకునే ఇల్లాళ్ల కోసం ఆ దేశం ఒక ఏర్పాటు చేసింది. కుటుంబ సభ్యులపై దౌర్జన్యం కారణంగా సైనికుణ్ణి పంపేస్తే, బాధిత కుటుంబానికి 12 నుంచి 36 నెలల దాకా తాత్కాలిక పరిహారం ఇస్తారు. ఇది ఎంతో ఆలోచించి పెట్టిన నియమం.

ఇప్పుడు పౌరసత్వం. పుట్టుకతో అమెరికా పౌరుడైతే ఈ డిశ్చార్జి వల్ల పౌరసత్వం పోదు. ఓటు కూడా డిశ్చార్జి వల్ల నేరుగా పోదు. నేరస్థుల ఓటు గురించి ఆ రాష్ట్రం చట్టం ఏమంటే అదే. కానీ సైనిక సేవ ఆధారంగా పౌరసత్వం పొందినవాళ్ల సంగతి వేరు. మొత్తం అయిదేళ్ల గౌరవప్రద సేవ పూర్తి కాకముందే ‘అదర్ దేన్ ఆనరబుల్’ గానో అంతకంటే హీనంగానో బయటికొస్తే, ఆ పౌరసత్వాన్ని రద్దు చేసే వీలుంది. ఇది మనవాళ్లకూ సంబంధించినదే. గ్రీన్ కార్డు లేనివాళ్లను భాషా నైపుణ్యం చూసి చేర్చుకున్న ‘మావ్ని’ పథకంలో తెలుగు కూడా ఉండేది. 2016లో ఆ చేరికలు ఆగాయి కానీ, అలా చేరి పౌరులైనవాళ్లు ఈ నియమం తెలుసుకోవాలి.

సమయం అయిపోతోంది, ఆ గడిలోని రాతను మార్చుకునే దారులు గబగబా చెబుతాను. డిశ్చార్జి సమీక్ష బోర్డుకు 15 ఏళ్లలోపు వెళ్లాలి, కానీ జనరల్ కోర్టు మార్షల్ ఇచ్చినదాన్ని అది తాకలేదు. రికార్డుల సవరణ బోర్డుకు గడువు మూడేళ్లు, న్యాయం కోసమైతే సడలిస్తారు. అయితే కోర్టు మార్షల్ కేసుల్లో అది శిక్షపై దయ చూపగలదు తప్ప తీర్పును కొట్టేయలేదు. అధ్యక్షుడి క్షమాభిక్ష దొరికినా 24వ గడి దానంతట అది మారదు. స్వలింగ సంబంధాల కారణంగా సైనిక కోర్టుల్లో దోషులైనవాళ్లకు 2024 జూన్‌లో బైడెన్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు కూడా, ముందు ధ్రువపత్రానికి, తర్వాత డిశ్చార్జి మార్పుకు వేర్వేరుగా దరఖాస్తు చేసుకోవాల్సి వచ్చింది.

బ్రౌన్స్‌విల్ వాళ్ల గడి కూడా మారింది. 1972లో సైన్యం ఆ ఆదేశాన్ని రద్దు చేసి వాళ్లందరివీ గౌరవప్రద డిశ్చార్జులుగా మార్చింది, పాత జీతం బకాయిలు మాత్రం ఇవ్వలేదు. అప్పటికి దాదాపు అందరూ చనిపోయారు. విల్లిస్‌కు ఆ కాగితం అందేనాటికి ఎనభై ఆరేళ్లు దాటాయి. తర్వాత ఆయనకు 25,000 డాలర్ల పరిహారం ఇచ్చారు. 1977లో కన్నుమూశాడు.

[తెర మీద: 1906 – 1972]