పర్లాకిమిడి కబుర్లు: యాప్ మొదటి రోజు పనులు

తమ్ముడు: నమస్కారం, ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి మళ్లీ మేమే. ఈసారి యాప్‌లు తయారుచేసే ఫ్లట్టర్‌తో ప్రాజెక్టు సంగతి. ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ ఒకే కోడు. అక్కా, పాతపట్నం బస్సు కథ మాత్రం వద్దు.

అక్క: నేనెక్కడ ఎత్తాన్రా? నువ్వే ఎత్తావు. కానీ, చెప్పు.

తమ్ముడు: ఫ్లట్టర్ ఎక్కించాక ‘ఫ్లట్టర్ డాక్టర్’ అన్న కమాండ్ కొట్టండి, ఏం తక్కువైందో అదే చెప్తుంది. ఐఫోన్ బిల్డుకి యాపిల్ వాళ్ల ఎక్స్‌కోడ్ సాఫ్ట్‌వేర్ కావాలి, అది మ్యాక్‌లోనే నడుస్తుంది. మ్యాక్ లేకపోతే ఆండ్రాయిడ్‌తో మొదలుపెట్టండి. ఇక అసలు సంగతి, ఐడీ, అంటే స్టోర్ మన యాప్‌ని గుర్తుపట్టే పేరు. ప్రాజెక్టు మొదలుపెట్టే ‘ఫ్లట్టర్ క్రియేట్’ కమాండ్‌లో ఆర్గ్, అంటే మన సంస్థ పేరు, ఇవ్వకపోతే ఐడీ ముందు కామ్ డాట్ ఎగ్జాంపుల్ అని పడుతుంది. దాన్ని ప్లే స్టోర్ తీసుకోదు. స్టోర్‌లోకి వెళ్లాక ఐడీ మారదు, మారిస్తే అది వేరే యాప్ కిందే లెక్క.

అక్క: ప్రతి ఎపిసోడ్‌లోనూ ఐడీయేనా?

తమ్ముడు: ప్రతిసారీ చెప్తాను. అది ముఖ్యం.

అక్క: నాకు అంతకంటే ముందు భాష. సంత ధరల యాప్ చేస్తామన్నవాళ్లకి ‘ఇప్పుడు తెలుగు, ఒడియా పెట్టండి, సవర గిరిజనుల భాష తర్వాత చూద్దాం’ అన్నావు. నాకు నచ్చలేదు.

తమ్ముడు: ముందు యాప్ నడవాలి కదక్కా.

అక్క: మొదటి రోజే మాటలన్నీ కోడ్‌లోంచి తీసి ఏఆర్‌బీ ఫైళ్లలో, అంటే భాషకొకటిగా ఉండే మాటల ఫైళ్లలో, పెడితే మూడో భాషకి ఇంకో ఫైలు చాలు. స్క్రీన్ల నిండా ‘ధర’, ‘బస్తా’ అని రాసేశాక వెతికి మార్చే ఓపిక ఎవరికుంటుంది?

తమ్ముడు: ఫైలొక్కటే చాలదు. తేదీలు, ‘సరే’, ‘రద్దు’ లాంటి మాటలు ఫ్లట్టర్‌లో తెలుగుకీ ఒడియాకీ ముందే ఉన్నాయి. సవరకి లేవు. ఎస్ఆర్‌బీ అన్న సవర భాష కోడు పెట్టి, ఆ మాటల్ని ఫ్లట్టర్‌కి అందించే డెలిగేట్ మనమే రాయాలి.

అక్క: రాద్దాం.

తమ్ముడు: ఏ లిపిలో?

అక్క: సొరసొంపెంగ్‌లో. సవర భాషకని మంగెయ్ గొమాంగో 1936లో ఇచ్చిన లిపి. 2012లో యూనికోడ్‌లోకీ వచ్చింది.

తమ్ముడు: ఈ ఊళ్లోనే మాస్టారుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవరని తెలుగు లిపిలో రాశారు. గుణుపురం వైపు బడికెళ్లిన సవర పిల్లలకి ఒడియా అక్షరాలొచ్చు, శ్రీకాకుళం వైపు వాళ్లకి తెలుగు. సొరసొంపెంగ్ ఎందరు చదవగలరు?

అక్క: ఎక్కడా కనిపించకపోతే ఎలా చదువుతార్రా?

తమ్ముడు: చింతపండు ధర చూసుకోడానికొచ్చిన మనిషికి అక్షరాలు దిద్దించడం యాప్ పని కాదు.

అక్క: ఇక్కడ బోర్డుల మీద తెలుగు లేదని మనం ఎంత బాధపడతాం? ఆ బాధ వాళ్లకుండదా?

(కాసేపు ఇద్దరూ మాట్లాడరు.)

తమ్ముడు: …ఉంటుంది. సరే. లొకేల్‌లో, అంటే యాప్‌కి ఏ భాషో చెప్పే గుర్తులో, భాషతో పాటు లిపి కోడు కూడా ఇవ్వొచ్చు. ఒకే సవరకి మూడు ఫైళ్లు పెడదాం, తెలుగు, ఒడియా, సొరసొంపెంగ్ లిపుల్లో. ఏది కావాలో వాడే మనిషే ఎంచుకుంటాడు.

అక్క: పాత ఫోన్లలో ఆ ఫాంటు ఉంటుందా?

తమ్ముడు: నమ్మలేం. గూగుల్ వాళ్ల నోటో సాన్స్ ఫాంట్లలో సొరసొంపెంగ్ ఉంది, దాన్ని యాప్‌లోనే పెట్టి, ప్రాజెక్టు వివరాలుండే పబ్‌స్పెక్ ఫైల్లో రాయాలి. ఇదంతా ఐడీ ఖాయం చేసుకున్నాకే!

అక్క: సరేలే. మరి ఆ మాటలు రాసేదెవరు? నువ్వూ నేనూ రాయకూడదు. సవర ఇంట్లో పుట్టినవాళ్లు రాయాలి, వాళ్లకి డబ్బివ్వాలి.

తమ్ముడు: డబ్బు సంగతి ఆ సంత ధరల యాప్ వాళ్లు అనుకోలేదేమో.

అక్క: అనుకోమను. ఇప్పుడే ఫోన్ చెయ్యి.

తమ్ముడు: రికార్డింగ్ అవుతోందక్కా.

అక్క: అయితే ఆపు.