బండి నీళ్లు తాగుతోందా? ముందు హెడ్ విప్పకండి

(నల్లగొండలో లారీ డ్రైవర్లు, ఐటీఐ విద్యార్థుల ముందు ఒక మెకానిక్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మైకు పట్టుకోవడం నాకు కొత్త. చేతిలో పానా ఉంటే మాట దానంతటదే వస్తుంది, మైకుతో అలా రావడం లేదు. సర్దుకోండి.

బయట వేపచెట్టు కింద పాత లారీ ఒకటి నిలబెట్టి ఉంది, వచ్చేటప్పుడు చూసే ఉంటారు. నిన్న రాత్రి నుంచి అది కదల్లేదు. ఇంజన్ కింద అట్టపెట్టెలు చింపి పరిచాను. దాని దగ్గరికి తర్వాత వెళ్దాం.

డ్రైవరన్న షెడ్డుకు రాగానే "మేస్త్రీ, బండి నీళ్లు తాగుతోంది" అంటాడు, అంటే రేడియేటర్‌లో ఎంత పోసినా నీళ్లు తగ్గిపోతున్నాయని. మేస్త్రి వెంటనే "హెడ్ గ్యాస్కెట్ పోయింది", అంటే ఇంజన్ పైమూత (హెడ్) కింది సీలు పోయింది, అంటాడు. ఈ రెండు మాటల మధ్య కనీసం పది ప్రశ్నలు నడవాలి. అవి నడవకపోతే సేటు డబ్బులు, మన పరువు రెండూ పోతాయి.

నా పరువు అలాగే పోయింది. చాలా ఏళ్ల కిందటి సంగతి. మిర్యాలగూడ నుంచి బియ్యం లోడుతో తిరిగే లారీ ఒకటి వచ్చింది. రోజుకు ఐదారు లీటర్ల నీళ్లు తాగుతోంది. చల్లగా ఉన్నప్పుడు మూత తీసి ఇంజన్ స్టార్ట్ చేస్తే రేడియేటర్‌లో బుడగలు. బుడగలొస్తే గ్యాస్కెట్టే కదా అని హెడ్ దించాను, లేత్‌కు పంపి ఫేసింగ్ కొట్టించాను (అడుగు చదును చేయించాను), కొత్త గ్యాస్కెట్ వేశాను. మూడు రోజుల పని. బండి నార్కట్‌పల్లి కూడా దాటలేదు, ఫోను వచ్చింది: "మేస్త్రీ, మళ్లీ అదే కథ."

తప్పు బ్రేకులకు గాలి నింపే ఎయిర్ కంప్రెషర్‌ది. ఎయిర్ బ్రేకులున్న లారీల్లో చాలావాటికి కంప్రెషర్ హెడ్‌ను చల్లబరిచేది కూడా ఇంజన్ నీళ్లే. దాని గ్యాస్కెట్ చిన్నదే. అది పోతే గాలి నీళ్లలోకి దూరి, నీళ్లను ఓవర్‌ఫ్లో పైపులోంచి బయటికి తోస్తుంది. చూడటానికి అచ్చం ఇంజన్ హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే ఉంటుంది. తేడా పట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు. ట్యాంకుల్లో గాలి ఖాళీ చేసి ఇంజన్ నడపండి, బుడగలు చూడండి. గాలి నిండి, కంప్రెషర్ గాలి కొట్టడం ఆపించే అన్‌లోడర్ 'టుస్' అనగానే బుడగలు తగ్గాయా? ముందు కంప్రెషర్‌ను అనుమానించండి. ఖాయం చేసుకోవాలంటే కంప్రెషర్‌కు పోయే నీళ్ల పైపులు రెండూ తీసి, ఒకదానికొకటి కలిపి కాసేపు నడిపి చూడండి. బుడగలు ఆగితే ఇంజన్ హెడ్ జోలికి పోవద్దు. ఎయిర్ ట్యాంకు డ్రెయిన్ లాగితే మామూలు చెమ్మ కాకుండా రంగు కూలెంట్ వచ్చిందంటే ఇక ఏ పరీక్షా అక్కర్లేదు. బోరు నీళ్లు పోసుకుని తిరిగేవాళ్లకు ఈ సుఖం లేదు. నీళ్లన్నిటిదీ ఒకే రంగు!

బోరు నీళ్ల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మన జిల్లా నీళ్ల సంగతి లోకానికంతా తెలుసు. ఫ్లోరైడ్ తీసేయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. మన ఎముకలను పాడుచేసింది ఫ్లోరైడ్. రేడియేటర్‌ను పాడుచేసేది వేరే, నీళ్లలో ఉండే సున్నం, ఉప్పు. టీ కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునేదే ఇంజన్ లోపలా పేరుకుంటుంది. ట్యూబులు సన్నబడతాయి, బండి వేడెక్కుతుంది, వేడెక్కిన బండి నీళ్లు కక్కుతుంది. లీకు ఎక్కడా ఉండదు, నీళ్లు మాత్రం ఉండవు.

అసలు తప్పే లేని బండి కూడా నీళ్లు "తాగుతుంది". ఉబ్బిన నీళ్లు పట్టే విడి బాటిల్ లేని పాత లారీలో క్లీనర్ తమ్ముడు పొద్దున్నే రేడియేటర్ మెడదాకా నింపుతాడు. వేడికి నీళ్లు ఉబ్బుతాయి, ఎక్కువైనవి బయటికి పోతాయి. మర్నాడు మళ్లీ నింపుతాడు. ఏళ్ల తరబడి ఇదే. రెండు వేళ్ల వెలితి వదిలి, మూడు రోజులు గీత గీసి చూడండి. ఎన్ని కిలోమీటర్లకు ఎంత పోశారో ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఆ కాగితం నాకు చూపిస్తే సగం పని అయిపోయినట్టే.

తర్వాత రేడియేటర్ మూత. మూత మీద 0.9 అని ఉంటే అది బార్ లెక్క. ఆ ఒత్తిడిలో నీళ్లు 100 దగ్గర కాదు, దాదాపు 118 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మూత లోపలి రబ్బరు ఎండిపోతే ఆ ఒత్తిడి నిలవదు. మే నెల ఎండలో లోడుతో ఎక్కుతుంటే నీళ్లు ఆవిరై పోతాయి, రోడ్డు మీద చుక్క కూడా కనబడదు. కొత్త మూత ఖరీదెంత, హెడ్ పని ఖరీదెంత? వేడి మీద మాత్రం మూత తిప్పకండి. నా ఎడమ చెయ్యి మీద ఈ మచ్చ చూశారా? అందుకే చెబుతున్నాను.

వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. వేలు పెట్టి తడమండి. తడిగా ఉన్నా, కింద తెల్లటి చార ఉన్నా లోపల సీలు పోయిందని అర్థం. కొందరు మహానుభావులు ఆ రంధ్రానికి ఎంసీల్ పెడతారు. అప్పుడు నీళ్లు బేరింగ్‌లోకి పోతాయి, పంపు పట్టేస్తుంది. హోసులు, క్లిప్పులు, వెల్చ్ ప్లగ్గులు (ఇంజన్ బ్లాకు రంధ్రాలకు కొట్టే రేకు బిళ్లలు) మీకు తెలిసినవే.

బయట ఏదీ దొరకకపోతే అప్పుడు లోపల చూడాలి. రాత్రంతా నిలబెట్టిన బండికి పొద్దున్న స్టార్ట్ చేయకముందే చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) డ్రెయిన్ బోల్టు మెల్లగా వదులు చేయండి. నీళ్లు ఆయిల్ కన్నా బరువు, అడుగున చేరి ముందు అవే వస్తాయి. అలా వచ్చాయంటే వెట్ లైనర్ల (చుట్టూ నీళ్లుండే సిలిండర్ గొట్టాల) రింగులో, ఆయిల్‌ను నీళ్లతో చల్లబరిచే ఆయిల్ కూలరో, హెడ్డో చూడాలి. రేడియేటర్‌లోనే ఆయిల్ తేలుతుంటే ముందు ఆయిల్ కూలర్‌ను అనుమానించండి. బండి నడిచేటప్పుడు ఆయిల్ ఒత్తిడి నీళ్ల ఒత్తిడి కన్నా ఎక్కువ కాబట్టి ఆయిలే ఇటు వస్తుంది.

ఒక హెచ్చరిక. పొద్దున్నే సెల్ఫ్ కొడితే 'టక్' అని ఆగిపోయిందా? మళ్లీ మళ్లీ కొట్టకండి. సిలిండర్‌లో నీళ్లు నిండి ఉండొచ్చు. నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజెక్టర్లు తీసి, చేత్తో తిప్పి చూడండి.

ఇక బయటి బండి. దీని డ్రైవరన్న కూడా గ్యాస్కెట్ మార్చమనే తెచ్చాడు. నడిచేటప్పుడు చుక్క కారదు, పొద్దున్నకు మాత్రం లీటరు తక్కువుంటుంది. చల్లారాక క్లిప్పులు వదులై కారుతోందని నా అనుమానం. అట్ట మీద మరక ఏ పక్కన పడిందో నేనింకా చూడలేదు. రండి, అందరం కలిసే చూద్దాం. టార్చి ఎవరి దగ్గరైనా ఉందా?