విదేశీ బడి నుంచి సొంతూరి బడికి: ఫోన్-ఇన్

(కడప నుంచి ప్రసారమైన కార్యక్రమానికి అక్షర రూపం. సలహాలు ఇచ్చినవారు ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు, ఒక విశ్రాంత బ్యాంకు మేనేజరు.)

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. మన కడప జిల్లాలో బయటి దేశాలకు పోయినవాళ్లు లేని ఊరు తక్కువ. అట్లా పోయినవాళ్లలో టీచర్లు కూడా ఉన్నారు. ఒమన్‌లో, మాల్దీవుల్లో, ఇథియోపియాలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి ఇప్పుడు తిరిగి వస్తున్నారు. ఈ రోజు కార్యక్రమం వాళ్లకోసమే. మొదటి కాల్ మైదుకూరు నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే సార్. నేను మస్కట్‌లో టీచరుగా చేసి ఈ వేసవిలో వచ్చేశాను. మళ్లీ పోయేది లేదు. విదేశంలో ఉన్నప్పుడు ఇక్కడ బ్యాంకులో తెరిచిన నా ఎన్ఆర్ఈ అకౌంట్ అట్లే ఉంచుకోవచ్చా?

బ్యాంకు మేనేజరు: ఉంచుకోకూడదమ్మా. శాశ్వతంగా వచ్చేశాక బ్యాంకుకు చెప్పి రెసిడెంట్ ఖాతాగా మార్పించుకోవాలి. విదేశీ కరెన్సీలోనే దాచుకోవాలంటే ఆర్ఎఫ్‌సీ ఖాతా అని వేరే ఉంది. ఫిక్స్‌డ్ డిపాజిట్లను గడువు దాకా ఒప్పుకున్న వడ్డీకే నడుపుకోవచ్చు. కానీ ఇక్కడ స్థిరపడ్డాక ఆ వడ్డీకి పన్ను మినహాయింపు ఉండదు.

శ్రోత: అక్కడి బ్యాంకులో ఇంకా కొంత డబ్బు ఉంది సార్. దానికీ ఇక్కడ పన్ను కట్టాలా?

బ్యాంకు మేనేజరు: వెంటనే కాకపోవచ్చు. అంతకుముందు పదేళ్లలో తొమ్మిదేళ్లు మీరు నాన్ రెసిడెంట్ అయి ఉన్నా, ఏడేళ్లలో మొత్తం 729 రోజులకు మించకుండా ఇండియాలో ఉన్నా, ఆర్ఎన్ఓఆర్ అనే హోదా వస్తుంది. అది ఉన్నన్నాళ్లు అక్కడి బ్యాంకు వడ్డీకి ఇక్కడ పన్ను పడదు. పాస్‌పోర్టులో స్టాంపులున్న పేజీలన్నీ జిరాక్స్ తీసుకుని ఆడిటర్ దగ్గరికి పోండి. ఏ సంవత్సరం ఎన్ని రోజులున్నారో అందులోనే తేలుతుంది.

వ్యాఖ్యాత: థాంక్స్ అమ్మా. తర్వాతి కాల్ ప్రొద్దుటూరు నుంచి.

శ్రోత: నమస్తే మేడమ్. నేను లెక్కల మాస్టర్ని. 2010లో మాల్దీవులకు పోయినాను, అక్కడ ఒక చిన్న దీవిలో బడి. నాయన పోయాక అమ్మ ఒక్కతే అయింది, అందుకని వచ్చేశాను. ఇంకా ఆ అలవాట్లే పోలేదు. అక్కడ శుక్ర, శనివారాలు సెలవు. ఇక్కడ ఆదివారం పొద్దున్నే లేచి గడ్డం గీసుకుంటుంటే అమ్మ నవ్వుతాది.

ప్రధానోపాధ్యాయురాలు: అమ్మ దగ్గరికి వచ్చినావు, మంచి పని చేసినావు నాయనా. ఇంతకీ కష్టం ఏంది?

శ్రోత: ఒక ప్రైవేటు స్కూల్లో డెమో క్లాసు అడిగినారు మేడమ్. పదో తరగతి, యాభై మందికి పైగా పిల్లలు. ఒక లెక్క చెప్పి, "మొదట ఏం చేద్దాం?" అని అడిగి ఆగినాను. ఎవరూ నోరు తెరవలేదు. నేను అట్లే నిలబడినాను. వెనకాల కూర్చున్న కరస్పాండెంట్ గారు లేచి, "సార్, ఇట్లయితే సిలబస్ ఎప్పటికి అయిపోతాది?" అన్నారు. పిల్లల ముందరే అన్నారు. జీతం కూడా అక్కడిదాంట్లో నాలుగో వంతు లేదు. ఇన్నేళ్లు నేను చేసింది ఇక్కడ ఎందుకూ పనికిరాదేమో అని టెన్షన్‌గా ఉంది.

ప్రధానోపాధ్యాయురాలు: ఏం లెక్క ఇచ్చినావు?

శ్రోత: వర్గ సమీకరణం మేడమ్. పొలం పొడవు వెడల్పు కన్నా 3 మీటర్లు ఎక్కువ, వైశాల్యం 40 చదరపు మీటర్లు.

ప్రధానోపాధ్యాయురాలు: చక్కని లెక్క. నువ్వు ఆగడం తప్పు కాదు, ఆ మాట గట్టిగా చెప్తున్నా. కానీ ఆ పిల్లల్ని అంతవరకు ఎవరూ అట్లా అడిగి ఉండరు. కొత్త సారు అడిగితే యాభై మంది ముందర ఏ పిల్లవాడు లేస్తాడు? తప్పు చెప్తే నవ్వుతారని భయం. అందుకని నోటితో అడగొద్దు, చేత్తో రాయించు. తలా ఒక అరఠావు కాగితం ఇయ్యి. రెండు నిమిషాలు ఎవరిది వాళ్లు రాయాల. తర్వాత బెంచీలో పక్కవాడి కాగితంతో పోల్చి చూసుకోవాల. నువ్వు బెంచీల మధ్య తిరుగుతా చూడు. సగం మంది వెడల్పు 5 అని రాసి ఆగిపోయి ఉంటారు. ఎవరో ఒకరికి మైనస్ 8 కూడా వచ్చి ఉంటాది. "మైనస్ 8 మీటర్ల వెడల్పు ఎట్లుంటాదిరా?" అని ఆ బిడ్డ పక్కవాణ్ని గోకుతుంటాది. అప్పుడు ఆగు, ఎంతసేపైనా ఆగు. ఇంక క్లాసు నీది.

శ్రోత: అక్కడ మేము కేంబ్రిడ్జ్ పేపర్లు దిద్దినట్లే దిద్దేవాళ్లం మేడమ్. జవాబు తప్పినా పద్ధతికి 'M' మార్కులు, సరైన జవాబుకు 'A' మార్కులు.

ప్రధానోపాధ్యాయురాలు: అదే ఇక్కడికి తెచ్చుకో. మన పబ్లిక్ పరీక్షలో కూడా పెద్ద ప్రశ్నలకు స్టెప్ మార్కులు ఉన్నాయి కదా. సమీకరణం వరకు రాసి భయపడి కొట్టేసిన పిల్లల పేపర్లు దిద్దుతుంటే నా ప్రాణం ఉసూరుమనేది. ఆ కొట్టేసిన గీత కింద మార్కులున్నాయి నాయనా! పాసు మార్కు దగ్గర ఊగిసలాడే పిల్లలకు అవే దిక్కు. ఎక్కడిదాకా రాస్తే ఎంత వస్తుందో బోర్డు మీద ఎర్ర చాక్‌పీసుతో గుర్తు పెట్టి చూపించు. కరస్పాండెంట్ గారికి కూడా ఈ లెక్కే చెప్పు. ఆయనకు రిజల్ట్ కావాల, ఆయన భాషలో చెప్తే వింటాడు.

శ్రోత: అవును మేడమ్, నాకు తట్టలేదు.

ప్రధానోపాధ్యాయురాలు: ఇంకో మాట, ఏమనుకోవద్దు. స్టాఫ్‌రూమ్‌లో "మాల్దీవుల్లో అయితే" అని మొదలుపెట్టొద్దు, కనీసం మొదటి ఏడాది. ఏడాదంతా అరవై మందితో గొంతు పోగొట్టుకున్న టీచరుకు ఆ మాట ములుకులా తగులుతాది. నీ అనుభవం ఏందో నీ పిల్లల నోట్‌బుక్కులు చూసి వాళ్లే అడగాల. అడిగినప్పుడు దాచుకోకుండా చెప్పు. పుస్తకాలు చూసినావా? 2024-25 నుంచి పదో తరగతి లెక్కలకు కూడా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకమే. నువ్వు పోయేటప్పటికి ఉన్నది కాదు. ఈ వారమే మొదటి నుంచి చివరిదాకా ప్రతి లెక్కా నువ్వే చెయ్యి.

శ్రోత: సరే మేడమ్. గవర్నమెంటు ఉద్యోగం మీద ఆశ పెట్టుకోవచ్చా? నాకు 46.

ప్రధానోపాధ్యాయురాలు: నువ్వు పోయినాక, 2011లో టెట్ అనే టీచర్ల అర్హత పరీక్ష వచ్చింది. అది లేకుండా డీఎస్సీ, అదే టీచర్ల నియామక పరీక్ష, రాయలేవు. ముందు టెట్ రాయి, సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతాది. లెక్కల స్కూల్ అసిస్టెంటుకు పేపర్ 2ఏ. వయసు సంగతికొస్తే, 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు జనరల్ వాళ్లకు 44 ఏళ్లు పెట్టినారు, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు ఇంకో ఐదేళ్లు సడలింపు. నీకు ఏది వర్తిస్తుందో నీకు తెలుసు. వచ్చే నోటిఫికేషన్ చూసుకో, కానీ దాన్నే నమ్ముకుని ఇంట్లో కూర్చోవద్దు. అక్కడి బడి నుంచి సర్వీస్ సర్టిఫికెట్ తెచ్చుకున్నావా?

శ్రోత: ఒకటి ఇచ్చినారు మేడమ్, ఏ క్లాసులు చెప్పినానో అందులో లేదు.

ప్రధానోపాధ్యాయురాలు: ఈ రోజే మెయిల్ పెట్టు. ఏ సబ్జెక్టు, ఏ తరగతులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, అన్నీ లెటర్‌హెడ్ మీద కావాల. నిన్నెరిగిన ప్రిన్సిపాల్ మారిపోయినాడంటే అడిగినా పలికేవాళ్లుండరు. మాలేలో మన హైకమిషన్ ఉంది, అటెస్టేషన్ గురించి వాళ్లనడుగు. ఇక్కడ చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి చేతికీ ఇయ్యొద్దు. చూపించు, జిరాక్స్ ఇయ్యి, అంతే. వేసవి సెలవుల్లో జీతం ఉంటాదా లేదా అని ముందే అడిగి కాగితం మీద రాయించుకో. జీతం గురించి నోరు తెరవడానికి మన మాస్టర్లు సిగ్గుపడతారు. సిగ్గెందుకు నాయనా, అది నీ కష్టం.

శ్రోత: చాలా ధైర్యంగా ఉంది మేడమ్. ఆ స్కూలుకే ఇంకోసారి పోయి డెమో అడుగుతాను.

ప్రధానోపాధ్యాయురాలు: పో. అరఠావులు ఇంటి నుంచే కోసుకుని పో.

వ్యాఖ్యాత: సమయం తక్కువగా ఉంది, చివరి కాల్. బద్వేలు నుంచి.

శ్రోత: మేడమ్, మా పాప విదేశంలోనే పెరిగింది. ఆరో తరగతిలో వేయాల. తెలుగు మాట్లాడుతుంది కానీ చదవలేదు. ఒక క్లాసు వెనక్కి వేయమంటున్నారు.

ప్రధానోపాధ్యాయురాలు: వద్దమ్మా, ఆరులోనే వెయ్యి. ఒక్క సబ్జెక్టు కోసం ఏడాది పోగొట్టొద్దు. మాట వచ్చు కదా, సగం పని అయినట్లే. మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి. సైన్సు పుస్తకం తీసుకుని ఇంగ్లీషు పేజీ తను చదవాల, తెలుగు పేజీ నువ్వు చదివి వినిపించాల. అర్థం ముందే తెలిసి ఉంటాది కాబట్టి అక్షరాలు తొందరగా పట్టుబడతాయి. రోజూ ఒక పేరా చాలు. బ్రౌన్ దొర 1820లో కడపకు వచ్చినప్పుడు ఆయనకు ఇరవై ఒక్కేళ్లు, మద్రాసులో మొదలుపెట్టిన తెలుగును ఇక్కడ బాగా నేర్చుకున్నాడు. మీ పాపకు పదకొండే కదా! కడపకు వచ్చినప్పుడు ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయం చూపించు.

శ్రోత: స్కూల్లో తోటిపిల్లలు నవ్వుతారని భయపడుతోంది మేడమ్.

ప్రధానోపాధ్యాయురాలు: క్లాసు టీచరుతో ముందే మాట్లాడు. మొదటి నెల నిలబెట్టి తెలుగు చదివించొద్దని నేరుగా అడుగు. మంచి టీచరైతే ఒప్పుకుంటుంది.

వ్యాఖ్యాత: ఈ రోజుకు సమయం అయిపోయింది. లైను దొరకనివాళ్లు ఉత్తరం రాయండి, వచ్చే వారం చదువుతాం. నమస్కారం.