నెట్ స్లోగా ఉంటే లోపం ఏ ముక్కలో ఉందో పట్టుకోవడం ఎలా

అందరికీ నమస్కారం.

నెట్ నెమ్మదించగానే చాలామంది చేసేవి రెండు పనులు. రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తారు, లేదా పెద్ద ప్లాన్‌కు మారతారు. మొదటిదానితో ఒక్కోసారి పని జరుగుతుంది గానీ కారణం తెలియదు, నాలుగు రోజులకు మళ్లీ అదే కథ. రెండోది చాలా ఇళ్లలో వృథా ఖర్చు, ఎందుకంటే అడ్డు ఇంటి లోపలే ఉంటుంది. అందుకే ఏదీ మార్చకముందే దారిని మూడు ముక్కలుగా విడదీసి కొలవమంటాను. ఫోన్ నుంచి రౌటర్ దాకా ఒకటి, రౌటర్ నుంచి మోడెమ్ లేదా ఫైబర్ పెట్టె దాకా రెండోది, అక్కడినుంచి బయటికి వెళ్లే లైను మూడోది.

ముందుగా ఒక లెక్క. ప్లాన్‌లో రాసే ఎంబీపీఎస్ అంటే సెకనుకు మెగాబిట్లు. ఫైలు దిగుతున్నప్పుడు కంప్యూటర్ చూపేది సాధారణంగా మెగాబైట్లు. ఒక బైటుకు 8 బిట్లు కాబట్టి 100 ఎంబీపీఎస్ లైనులో సెకనుకు 11, 12 మెగాబైట్లు దిగుతుంటే అది పూర్తి వేగమే. అక్కడ వెతకాల్సిన లోపం ఏమీ లేదు.

మొదటి కొలత కేబుల్‌తోనే చేయాలి. ల్యాప్‌టాప్‌ను రౌటర్ ల్యాన్ పోర్టుకు కలపండి. వై-ఫైని, వీపీఎన్ (ట్రాఫిక్‌ను మరో సర్వర్ గుండా తిప్పే యాప్) ఉంటే దాన్నీ ఆపండి. ఇంట్లో మిగతా పరికరాల డౌన్‌లోడ్లు, ఫోటోల బ్యాకప్‌లు ఆగాయో లేదో చూసుకోండి. అప్పుడు స్పీడ్ టెస్ట్ మూడుసార్లు చేసి డౌన్‌లోడ్, అప్‌లోడ్, పింగ్ (సందేశం వెళ్లి జవాబు రావడానికి పట్టే సమయం) మూడూ రాసుకోండి. ఇదే పని పొద్దున ఒకసారి, రాత్రి అందరూ నెట్ వాడే వేళ ఒకసారి. వై-ఫై మీద చేసిన ఒక్క టెస్ట్ చూసి కంపెనీకి ఫోన్ చేస్తే ఉపయోగం ఉండదు, అందులో అన్ని ముక్కల లోపాలూ కలిసిపోయి ఉంటాయి.

ఈ కేబుల్ కొలతలో ఒక అంకెను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి: 94. ప్లాన్ 200 అయినా 300 అయినా టెస్ట్ ప్రతిసారీ 94, 95 దగ్గరే ఆగిపోతుంటే నూటికి నూరుపాళ్లూ కాకపోయినా చాలావరకు తప్పు కేబుల్‌దో పోర్టుదో. గిగాబిట్ వేగానికి కేబుల్‌లోని 8 తీగలూ కావాలి. 100 ఎంబీపీఎస్‌కు 4 చాలు. ప్లగ్ దగ్గర మిగతా 4 తీగల్లో ఒక్కటి తెగినా, ప్లగ్‌లో సరిగా బిగుసుకోకపోయినా రెండు చివర్ల పరికరాలూ 100కే ఒప్పుకుంటాయి. అందులో ప్యాకెట్ల (డేటాను పంపే చిన్న ముక్కల) మీద రాసే చిరునామాల వంటి హెడర్లకు పోగా మిగిలేది ఆ 94. నెట్ పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కంప్యూటర్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ (రెండు పరికరాలూ ఒప్పుకున్న వేగం) చూడండి. 1000 ఉండాల్సిన చోట 100 కనబడితే కేబుల్ మార్చండి. క్యాట్ 5ఈ రకం చాలు, 100 మీటర్ల వరకు గిగాబిట్‌ను మోస్తుంది. కేబుల్ మార్చినా అంతే ఉంటే ఆ రౌటర్ పోర్టులే 100వి అయి ఉండొచ్చు. ఫైబర్ పెట్టెకూ రౌటర్‌కూ మధ్య ఉన్న చిన్న కేబుల్‌ను కూడా వదలకండి. అది పాడైతే ఇంట్లో ప్రతి పరికరానికీ ఆ 94 గతే.

కేబుల్‌తో పూర్తి వేగం వచ్చి ఫోన్‌లో రాకపోతే లోపం వై-ఫైది. ముందు ఫోన్ ఏ బ్యాండ్‌లో (2.4 గిగాహెర్ట్జ్ లేదా 5 గిగాహెర్ట్జ్ రేడియో పట్టీలో) ఉందో చూడండి. ఒకే యాంటెనా ఉన్న పరికరం 2.4 గిగాహెర్ట్జ్‌లో, 20 మెగాహెర్ట్జ్ చానల్ వెడల్పులో, వై-ఫై 4 (పాత తరం) మీద 72 ఎంబీపీఎస్ లింక్‌ను మించదు. చేతికి దక్కేది దానికన్నా బాగా తక్కువ. అదే రెండు యాంటెనాల ఫోన్ 5 గిగాహెర్ట్జ్‌లో, 80 మెగాహెర్ట్జ్ వెడల్పులో, వై-ఫై 5 మీద 866 దాకా లింక్ కడుతుంది. కానీ 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటడంలో బలహీనం. అందుకే వేగం కావాల్సిన గదిలో సిగ్నల్ కొలవాలి. తెరమీది గీతలను నమ్మొద్దు, డీబీఎమ్ (సిగ్నల్ బలం కొలత, సున్నాకు దగ్గరైన కొద్దీ బలం ఎక్కువ) చూపే వై-ఫై ఎనలైజర్ యాప్ వాడండి. −50 చాలా బాగున్నట్టు, −67 వరకు వీడియో కాల్స్‌కు ఢోకా లేదు, −75 కన్నా కిందికి పడితే తడబాటు మొదలవుతుంది. రౌటర్‌ను అల్మారాలోనో టీవీ వెనకో కాకుండా ఇంటి మధ్యలో, మనిషి ఎత్తున, బయటికి కనబడేలా పెట్టడం ఏ సెట్టింగ్ కన్నా ఎక్కువ ఫలితమిస్తుంది.

2.4 గిగాహెర్ట్జ్‌లో చానల్ 1, 6, 11లో ఒకటే ఎంచుకోండి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి. 3, 4 లాంటివి ఖాళీగా కనబడి ఆశపెడతాయి, కానీ అటూ ఇటూ ఉన్న రెండు చానళ్ల గోలా వాటిమీదే పడుతుంది. మైక్రోవేవ్ ఓవెన్ నడిచేదీ ఈ బ్యాండ్‌లోనే. యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్, దాని కేబుల్ కూడా ఇక్కడే రణగొణ పుట్టిస్తాయి, రౌటర్ పక్కనుంచి దూరంగా జరపండి. రౌటర్ వై-ఫై భద్రత సెట్టింగ్‌లో టీకేఐపీ (పాత రకం ఎన్‌క్రిప్షన్) ఉంటే డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ (కొత్త రకం)కు మార్చండి. పాత టీకేఐపీలో వేగం 54 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది. ఇక రిపీటర్ (వై-ఫై సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే పెట్టె) విషయం: ఒకే రేడియోతో వినడం, తిరిగి పంపడం చేసే రిపీటర్ దగ్గర వేగం సుమారు సగానికి పడిపోతుంది. దూరపు గదికి కేబుల్ లాగి అక్కడ యాక్సెస్ పాయింట్ (కేబుల్‌తో వచ్చిన నెట్‌ను వై-ఫైగా ఇచ్చే పెట్టె) పెట్టడమే నా సలహా.

స్పీడ్ టెస్ట్ బాగా వస్తుంది, అయినా ఎవరో ఫోటోలు అప్‌లోడ్ చేస్తుంటే వీడియో కాల్ ముక్కలవుతుంది. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. అప్‌లోడ్ నిండిపోగానే మోడెమ్ ప్యాకెట్లను పారేయకుండా పొడవాటి వరుసలో నిలబెడుతుంది, కాల్ ప్యాకెట్ కూడా ఆ వరుస చివరే నిలబడాలి. పరీక్షించడం తేలిక. కమాండ్ ప్రాంప్ట్‌లో 8.8.8.8కు పింగ్ నడుపుతూ పెద్ద ఫైలు అప్‌లోడ్ చేయండి. 15 మిల్లీసెకన్లు ఉన్నది 300, 400కు ఎగబాకితే రోగం ఇదే. ప్లాన్ పెంచితే పూర్తిగా పోదు. రౌటర్‌లో ఎస్‌క్యూఎమ్ (ప్యాకెట్ల వరుసను పొడవు పెరగకుండా నడిపే సెట్టింగ్) ఉంటే ఆన్ చేసి, కేబుల్‌తో కొలిచిన వేగంలో 90 శాతం దగ్గర పరిమితి పెట్టండి. అప్పుడు వరుస మీ రౌటర్ అదుపులోకి వస్తుంది. కాస్త వేగం వదులుకున్నందుకు నాకు ఎప్పుడూ బాధ లేదు.

డీఎన్ఎస్ (సైటు పేరును దాని ఐపీ చిరునామాగా మార్చే సేవ) మార్చమనే సలహా మీరు వినే ఉంటారు. పేజీ తెరుచుకోవడం మొదలయ్యే ముందు ఆగిపోతుంటే పనికొస్తుంది, డౌన్‌లోడ్ వేగానికి మాత్రం సంబంధం తక్కువ.

కేబుల్‌తో కూడా నెమ్మదిగానే ఉంటే మూడో ముక్కకు రావాలి. పొద్దున బాగుండి రాత్రి మాత్రమే పడిపోతే బయట రద్దీ, ఇంట్లో ఏం మార్చినా లాభం లేదు. రోజంతా అలాగే ఉంటే లైను సిగ్నల్ చూడాలి. ఫైబర్ పెట్టె సెట్టింగ్స్ పేజీలో రిసీవ్ పవర్ (పెట్టెకు అందే కాంతి బలం) కనబడుతుంది. సాధారణ జీపాన్ (ఇళ్లకు వాడే ఒక రకం ఫైబర్ వ్యవస్థ) పెట్టెకు అది −8, −27 డీబీఎమ్ మధ్య ఉండాలి. −27కు ఆనుకుని ఉంటే ఎక్కడో వంపో మురికి కనెక్టరో ఉన్నట్టు. సోఫా వెనకో తలుపు సందులోనో ఫైబర్ నలిగిందేమో చూసి, వంపు వ్యాసార్ధం 3 సెంటీమీటర్లకు తగ్గకుండా వదులు చేయండి. కనెక్టర్ మాత్రం మీరు విప్పకండి. చివర్లో కంటికి కనబడని లేజర్ ఉంటుంది, నేరుగా చూడకూడదు. ఆ పవర్ అంకె, కేబుల్ మీద పొద్దున, రాత్రి చేసిన టెస్టులు, వాటి తేదీ, సమయం ఇచ్చి ఫిర్యాదు చేస్తే రౌటర్ రీస్టార్ట్ చేయమనే దగ్గర మాట ఆగదు, మనిషిని పంపాల్సి వస్తుంది.